నీటి పంపకము - రైతుల పెత్తనము

మడకశిర సీమలో జూన్ నెల వచ్చినది మొదలు రైతు చూపు మబ్బులపైననే నిలుచును. మూడు వైపుల కర్ణాటక రాష్ట్రము చుట్టుకొనియున్న ఈ ప్రాంతము పూర్వపు అనంతపురము జిల్లాకు నైరుతి కొసన ఉండెడిది. 2022 ఏప్రిల్ నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. నైరుతి ఋతుపవనము పడమటి కనుమలను దాటి వచ్చుసరికి తన బరువును చాల వరకు ఆవలనే దించుకొనును. ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరము నుండి ఇంత దూరము చేరుసరికి అలసిపోవును. అందుచేత పూర్వపు అనంతపురము జిల్లాలో సగటు వర్షము ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటు ఇటుగా మాత్రమే ఉన్నది. ఆ వర్షమైనను అడిగినప్పుడు రాదు. వేరుశనగ ఊడలు దిగునప్పుడు మొగము చాటు చేసి, పంట పెరికి ఎండబెట్టినప్పుడు ముంచెత్తుట దానికి అలవాటు.

ఇట్టి చోట "నీరు ఎంత ఉన్నది?" అను ప్రశ్న అందరికి తెలిసినదే. దాని వెంటనే రావలసిన ప్రశ్న మరియొకటి కలదు. "ఉన్న నీటిని ఎవరు, ఏ లెక్కన పంచవలెను?" అనునది. మా కార్యక్రమముల కొరకు పల్లెలకు పోయినప్పుడు ఈ రెండవ ప్రశ్ననే మేము ఎక్కువగా వినుచుందుము. "కాలవ మొదట్లో ఉన్నోనికి నీళ్లు, కడాన ఉన్నోనికి కన్నీళ్లు" అని ఒక పెద్దరైతు మాతో అన్న మాట ఇప్పటికిని మా చెవులలో ఉన్నది. సేద్యపు నీటి యాజమాన్యములో రైతులు స్వయముగా పాల్గొన్నచో వ్యవసాయము ఏ విధముగా మారునో, మారుటకు అడ్డు తగులునవి ఏవో, ఈ వ్యాసములో విచారింతము.

రైతులు కలిసి నీటిని ఏలుకొనుట మన సీమకు కొత్త కాదు. విజయనగర కాలము నాటి రెండు శాసనములు ఇందుకు సాక్ష్యము. కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువును మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు కట్టించినట్లు 1369 నాటి శాసనము చెప్పుచున్నది. రెండేండ్ల పాటు దినమునకు వేయి మంది కూలీలు, నూరు బండ్లు పని చేసినట్లు అందున్నది. మంచి చెరువునకు ఉండవలసిన పన్నెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను గూడ ఆ శాసనము ఎన్నినది. ఆ దోషములలో ఒకటి నీరు కొద్దియై పారవలసిన నేల విస్తారమగుట. మడకశిర రైతునకు ఈ దోషమును ఎవరును విడమరచి చెప్పనక్కరలేదు.

రెండవది 1388 నాటిది. పెనుకొండలో రాజప్రతినిధిగా నున్న బుక్కరాయలు, అనగా రెండవ హరిహరరాయల కుమారుడు, జలసూత్రము నెరిగిన సింగాయభట్టును పిలిపించి హెన్నె నదిని, అనగా నేటి మన పెన్నను, పెనుకొండకు తీసికొని రమ్మని ఆజ్ఞాపించెను. సింగాయభట్టు సిరువెర చెరువు వరకు కాలువ త్రవ్వించి దానికి ప్రతాప బుక్కరాయ మండలపు కాలువ అని పేరు పెట్టెను. ఆరువందల ఏండ్ల క్రిందటనే ఈ సీమకు నీటి పని తెలిసినవారు ఎంత అవసరమైరో దీనివలన తెలియుచున్నది.

రాజులు కట్టించిరి సరే. ఆ చెరువులను నిలబెట్టినది మాత్రము ఊరు. చెరువు కట్టించిన వారికి, దానిని మరమ్మతు చేయించుచు వచ్చువారికి దశబంధమను పేర మాన్యము లుండెడివి. కట్టకు కంప కొట్టుట, కాలువలో పూడిక తీయుట, మరవ వద్ద రాళ్లు సర్దుట మొదలగు పనులకు ఇంటికొక మనిషి రావలెను. దీనినే కుడిమరామతు అనిరి. తూము తెరచి మడి మడికి నీరు పారించుటకు నీరుగంటి ఉండెడివాడు. అతనికి జీతము లేదు. ప్రతి కళ్లములోను మేర కొలుచుకొని పోయెడివాడు. ఈ ఏర్పాటులో ఒక లోతైన యుక్తి ఉన్నది. ప్రతి కళ్లములోను మేర రావలెనన్న ప్రతి మడియు పండవలెను. ఆయకట్టు కొసన నున్న మడి ఎండినచో నీరుగంటి గింజలు గూడ ఎండినట్లే. కావున కొస మడిని కాపాడుట అతని ధర్మము మాత్రమే కాక అతని లాభము గూడ అయ్యెను.

పూర్వకాల మంతయు ధర్మయుగమని చెప్పుట మా ఉద్దేశము కాదు. పెత్తనము ఊరి పెద్దలది, కష్టము పేదలది. కట్ట మీద మట్టి మోసిన వారిలో అనేకులకు ఆ కట్ట క్రింద సెంటు భూమియైనను లేదు. అయినను ఒక మాట నిజము. నీటి లెక్క ఊరి కంటికి కనబడుచుండెను. తూము వద్ద నీరు ఏ మెట్టు వరకు నిలిచినదో చూచి, ఈ ఏట ఎన్ని ఎకరముల వరి నాటవచ్చునో, మిగిలిన నేలలో రాగి వేయవలెనో, బీడు పెట్టవలెనో ఊరు ముందుగానే తీర్మానించుకొనెడిది.

తరువాత ఈ కట్టుబాటు సడలినది. కుడిమరామతుకు రాని వారిని శిక్షించుటకు మద్రాసు ప్రభుత్వము 1858లో చట్టమే చేయవలసి వచ్చెను. ఇష్టపూర్వకముగా సాగిన పని చట్టపు బెదిరింపునకు దిగినదన్నచో, లోన ఏదో విరిగినదని అర్థము. క్రమముగా చెరువులు ప్రభుత్వ శాఖల పాలైనవి. స్వాతంత్ర్యానంతరము పెద్ద ప్రాజెక్టులు వచ్చినవి. రైతు నీటికి లబ్ధిదారుడైనాడు గాని కాపలాదారుడు కాలేదు. కాలువ గండి పడినచో "సర్కారు కాలువ, సర్కారే పూడ్చును" అను మాట పుట్టెను. సర్కారు ఇంజనీరుకు ఒకేసారి నూరు గండ్లు. ఈలోగా పూడిక పెరుగును, తూము తలుపు తుప్పు పట్టును, చెరువునకు నీరు తెచ్చు వంక ఆక్రమణల పాలగును.

ఈ స్థితిని మార్చు సంకల్పముతో ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1997లో రైతుల సేద్యపు నీటి వ్యవస్థల యాజమాన్య చట్టమును చేసినది. ఆ ఏడు జూన్ నెలలో రాష్ట్రమంతట ఒక్కమారుగా ఎన్నికలు జరిపి 10,292 నీటి వినియోగదారుల సంఘములను ఏర్పరచిరి. ఇంత విస్తారముగా, ఇంత త్వరగా రైతుల చేతికి కాలువలను అప్పగించు యత్నము మన దేశమున అంతకు పూర్వము జరుగలేదు. 100 ఎకరములకు మించిన ఆయకట్టు గల చిన్న చెరువులకు గూడ సంఘము లేర్పడినవి. ఆయకట్టును కొన్ని ప్రాదేశిక నియోజకవర్గములుగా విభజించి, ఒక్కొక్క దానికి ఒక ప్రతినిధిని ఎన్నుకొను పద్ధతి పెట్టిరి. దీని ఉద్దేశము స్పష్టము. తూము దగ్గరి వారు ఎంతమంది ఉన్నను, కొసన నున్న వారికి గూడ సంఘములో ఒక నోరు ఉండవలెను.

సంఘము చేయవలసిన పనులు గూడ చట్టములోనే ఉన్నవి. నీటి వంతులు నిర్ణయించుట, కాలువలను మరమ్మతు చేయుట, తగవులు తీర్చుట, లెక్కలను అందరి ముందు చదివి తనిఖీకి పెట్టుట అందులో ముఖ్యమైనవి. నీటి తీరువను పెంచి, వసూలైన దానిలో కొంత భాగమును సంఘములకే మరల ఇచ్చునట్లు ఏర్పాటు చేసిరి. తాము కట్టిన తీరువ తమ కాలువకే తిరిగి వచ్చుననిన తెలిసినప్పుడు రైతు లెక్క అడుగును. లెక్క అడుగు రైతు ఉన్న చోట పని మెరుగుపడును.

ఇక దీనివలన పంటకు కలుగు మేలు ఏమి? మూడు విధములుగా చెప్పవచ్చును.

మొదటిది అదను. పైరునకు నీరు ఎంత ముఖ్యమో, ఎప్పుడు వచ్చుననునది అంతకంటె ముఖ్యము. వేరుశనగ ఊడలు దిగు దశలోను, కాయ ఊరు దశలోను ఒక్క తడి అందినచో పంట నిలుచును. అదే తడి పదునైదు దినములు ఆలస్యమైనచో ఆకు పచ్చబడునే గాని కాయ నిండదు. వంతు ముందుగానే తెలిసిన రైతు విత్తనము, ఎరువు, కూలీలను దానికి తగినట్లు అమర్చుకొనును. వంతు తెలియని రైతు దొరికినప్పుడే మడిని నింపుకొనును. అతని మడిలో నీరు ఎక్కువై, ప్రక్క మడిలో లేకపోవును.

రెండవది కొస భూమి. పూడిక తీసి, తూము బిగించి, వంతు పాటించినచో అదే నీరు మరికొంత దూరము పోవును. క్రొత్తగా ఒక చుక్క తేకయే సాగు పెరుగును.

మూడవది పంట ఎంపిక. నీటి లెక్క తెలిసినప్పుడు రైతు పంటను నీటికి తగినట్లు ఎన్నుకొనును. తెలియనప్పుడు నీటిని పంట కొరకు వెదకుకొనుచు అప్పుల పాలగును.

అయితే రైతులు ఎక్కడ కలియుదురు, ఎక్కడ కలియరు? రాబర్ట్ వేడ్ అను పండితుడు కర్నూలు ప్రాంతపు కాలువ గ్రామములలో తిరిగి, 1988లో ఒక గ్రంథము ప్రకటించెను. కాలువ మొదట నీరు పుష్కలముగా నున్న గ్రామములలో కట్టుబాటు తక్కువగాను, కాలువ కొసన నీటికి కటకటగా నున్న గ్రామములలో ఎక్కువగాను ఉండుట ఆయన గమనించెను. కొస గ్రామముల వారు తామే జీతము లిచ్చి నీరు పారించువారిని పెట్టుకొనిరి. ఏ అధికారియు వారికి అట్లు చేయుమని చెప్పలేదు. అనగా కొరతయే వారిని కలిపినది. ఇట్టి ఉదాహరణలను లోకమంతట పరిశీలించిన ఎలినార్ ఆస్ట్రమ్ అను విదుషికి 2009లో అర్థశాస్త్రములో నోబెల్ బహుమతి లభించెను. ఉమ్మడి ఆస్తి పాడగుట విధి కాదనియు, అనుభవించువారే నియమములు చేసి, వారే కాపలా కాచి, తప్పు చేసినవారికి మొదట చిన్న శిక్ష విధించుచు వచ్చినచో అది తరతరములు నిలుచుననియు ఆమె నిరూపించెను. స్పెయిన్ దేశములోని వాలెన్సియా నగరమున నేటికిని ప్రతి గురువారము మధ్యాహ్నము రైతులెన్నుకొన్న పెద్దలు దేవాలయ ద్వారము వద్ద కూర్చుండి కాలువ తగవులను నోటిమాటతో తీర్చుచున్నారు. మన రచ్చబండకు అది దూరపు చుట్టము.

ఇంతవరకు కాలువను, చెరువును గూర్చి చెప్పితిమి. మడకశిర శ్రోతలు ఇక్కడ ఒక ప్రశ్న వేయుదురు. "మా చెరువు నిండి మరవ పారుట ఎన్ని ఏండ్ల కొకసారి? మాకున్నది బోరు. దీనికి సంఘ మెందుకు?" ఈ ప్రశ్నలోనే ఈ సీమ యొక్క అసలు కష్టమున్నది.

పూర్వము ఇక్కడి వంకల ఇసుకలో ఊటకాలువలు త్రవ్వి నీరు పారించుకొనిరి. బావులలో కపిల తోలిరి. కంటికి కనబడు నీరు గనుక ఎవరు ఎంత తోడినది అందరికి తెలియుచుండెను. బోరు వచ్చిన తరువాత నీరు కంటికి కనబడక పోయినది. అడుగున నున్నది నల్లరాతి నేల. రాతి పగుళ్లలో మాత్రమే నీరు నిలుచును. ఆ పగులు నా చేని హద్దు వద్ద ఆగదు. నేను 300 అడుగులు త్రవ్వినచో ప్రక్క రైతు 500 అడుగులు త్రవ్వును. అతని నీరు నాది, నా నీరు అతనిది అగును. తుదకు ఇద్దరికిని మిగులునది అప్పు. ఇట్లు ఒకే పగులు మీద నలుగురు పందెము వేయుటనే మనము సేద్యమని పిలుచుచున్నాము.

దీనికి విరుగుడు వెదకిన ప్రయత్నము ఒకటి మన జిల్లాలలోనే జరిగినది. నెదర్లాండ్స్ ప్రభుత్వ సహాయముతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పర్యవేక్షణలో, ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల యాజమాన్య పథకము 2003 తరువాత కొన్ని ఏండ్ల పాటు సాగినది. అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశము అను 7 కరవు జిల్లాలలో అది పని చేసినది. ఆ పథకము రైతునకు బోరు ఇయ్యలేదు, మోటారు ఇయ్యలేదు. వర్షమాపకము ఇచ్చినది, నీటిమట్టము కొలుచు పరికరము ఇచ్చినది, కొలుచుట నేర్పినది. ఊరి ఆడవారును మగవారును కలిసి వర్షమును కొలిచిరి. పదునైదు దినముల కొకమారు ఎంపిక చేసిన బోర్లలో మట్టము చూచిరి. ఆ అంకెలను ఊరి గోడ మీద అందరికి కనబడునట్లు వ్రాసిరి. వానాకాలము ముగియగనే కూర్చుండి నీటి బడ్జెట్టు వేసికొనిరి. తూము మెట్టు మీద పూర్వులు చూచిన లెక్కను వీరు గోడ మీద చూచిరన్న మాట.

ఆ లెక్క ఎట్లు వేయుదురో ఒక ఊహా గ్రామముతో చూపుదుము. ఊరి విస్తీర్ణము 1,000 హెక్టార్లు, ఆ ఏటి వర్షము 500 మిల్లీమీటర్లు అనుకొందము. అప్పుడు ఊరిపై పడిన నీరు 50 లక్షల ఘనపు మీటర్లు. అబ్బో, సముద్రమే అనిపించును. కాని ఇట్టి రాతి నేలలో భూమి లోపలికి ఇంకునది సుమారు పదవ వంతు మాత్రమే. అనగా 5 లక్షల ఘనపు మీటర్లు. మిగిలినది ఆవిరి యగును, పైరు త్రాగును, వంకలో పోవును. ఈ 5 లక్షలతో హెక్టారుకు సుమారు 12,000 ఘనపు మీటర్లు కోరు వరిని వేసినచో దాదాపు 41 హెక్టార్లు, అనగా 100 ఎకరములు పండును. హెక్టారుకు 5,000 చొప్పున వేరుశనగ వేసినచో 100 హెక్టార్లు, అనగా సుమారు 250 ఎకరములు. 3,500 చొప్పున రాగి వేసినచో 350 ఎకరములకు పైగా. వీటన్నిటికంటె ముందు మనుష్యులకు, పశువులకు త్రాగునీరు తీసి పెట్టవలెను.

ఈ లెక్క గోడ మీద ఎక్కిన తరువాత ఎవరును ఎవరికిని ఆజ్ఞ ఇయ్యనక్కరలేదు. "నేను రెండెకరములు వరి నాటినచో ఐదుగురి వేరుశనగ ఎండును" అని రైతే చూచుకొనును. ఆ పథకములో నిర్బంధము లేదు. తీర్మానము ఎవరిది వారిదే. అయినను అనేక గ్రామముల రైతులు రబీలో వరిని తగ్గించి తక్కువ నీటి పంటలకు మరలుట, తోడు నీటిని తగ్గించుట జరిగినది. 2010లో ప్రపంచ బ్యాంకు భారతదేశపు భూగర్భజలములపై వెలువరించిన నివేదిక దీనిని ప్రత్యేకముగా పేర్కొన్నది. అనంతపురము జిల్లాలో మరికొన్ని చోట్ల రైతులు తమ బోర్లను ఉమ్మడి గొట్టములతో కలుపుకొని, బోరు లేని వారి మెట్టచేలకు గూడ ప్రాణరక్షక తడి ఇచ్చి, క్రొత్త బోరు వేయమని తమలో తాము కట్టుబాటు చేసికొనిరి.

ఇన్ని మేళ్లు చెప్పి కష్టములను దాచుట న్యాయము కాదు. చట్టము వచ్చినంత వేగముగా కట్టుబాటు రాలేదు. మధ్యమధ్య ఎన్నికలు సకాలమున జరుగక సంఘములు పేరుకే మిగిలిన ఏండ్లు కలవు. అధ్యక్ష పదవి కొన్ని చోట్ల నీటి పంపకమునకు గాక పనుల గుత్తేదారీకి మెట్టు అయినది. గుత్తకు చేయు రైతు పేరు రికార్డులో ఎక్కనందున, నీరు పారించువాడు అతడే యైనను సంఘములో అతనికి ఓటు లేదు. భూమి మగవారి పేర నుండుట వలన, రాత్రి మోటారు వేసి వచ్చు ఆడవారి మాటకు చోటు తక్కువ. బోర్ల విషయములో 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము ఉన్నను, ఊరు కావలి కాయనిచో ఏ చట్టమును రాత్రివేళ వచ్చు బోరుబండిని ఆపలేదు. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో నీటి సంఘములకు మరల ఎన్నికలు జరిగినవి. మరల వచ్చిన ఈ అవకాశమును పదవిగా చూతుమా, పనిగా చూతుమా అనునది మన చేతిలోనే ఉన్నది.

ఈ ప్రశ్న మడకశిరకు మిక్కిలి ముఖ్యము. శ్రీశైలము జలాశయపు కృష్ణా నీటిని మాల్యాల వద్ద ఎత్తి, మెట్టు మెట్టుగా పంపులతో రాయలసీమకు తెచ్చు హంద్రీ-నీవా పథకము 40 టి.ఎం.సి. నీటితో 6 లక్షల ఎకరములకు పైగా తడుపుటకు ఉద్దేశింపబడినది. అందు రెండవ దశలో మడకశిర శాఖా కాలువ ఒకటి. వందల మైళ్ల కాలువకు, అనేక ఎత్తిపోతలకు ఆవల మన సీమ ఉన్నది. అనగా మనము ఒక పెద్ద ఆయకట్టునకు కొస మడివారము. పైనున్న ప్రతి తూము, ప్రతి గండి, ప్రతి దొంగ మోటారు మన వంతును కోసికొనగలదు. కాలువ వెంట బలమైన సంఘము లున్ననే కొసకు నీరు చేరును. పైవారిని న్యాయ మడుగవలెనన్న, మన ఊరిలో కొస మడికి మనము న్యాయము చేసియుండవలెను గదా.

కావున రైతు సోదరులకు, సోదరీమణులకు మా మనవి ఇది. మీ ఊరి చెరువుకు సంఘమున్నదో లేదో విచారింపుడు. ఉన్నచో లెక్కలను అందరి ముందు చదువుమని అడుగుడు. వాన వెలిసిన దినమున ఎంత కురిసినదో వ్రాసి పెట్టుడు. పదునైదు దినముల కొకమారు నాలుగు బోర్ల మట్టము చూచి బడిగోడ మీద వ్రాయింపుడు. లెక్కలు వ్రాయుటకు బడిపిల్లలకంటె శ్రద్ధగలవారు దొరకరు. రబీ విత్తనము కొనుటకు ముందు ఒక సాయంకాలము కూర్చుండి, ఊరిలో నీరెంత, ఏ పైరు ఎన్ని ఎకరములు అని తేల్చుకొనుడు. ఆ సభకు గుత్తరైతులను, ఆడవారిని, కొస మడివారిని ముందుగా పిలువుడు.

మబ్బు మన మాట వినదు. పడిన నీరు మాత్రము వినును, ఊరంతయు ఒక్క మాట మీద ఉన్నచో.